బోర్లించిన మానిక

తెల్లాపూర్‌లో ఆ క్లబ్‌హౌస్ అద్దాల తలుపు తీయగానే ముందు వాసన తగిలింది. మల్లెపూల వాసన అనిపించాలని సీసాలో పట్టి గోడకు తగిలించిన వాసన. నాకు అలాంటివి పడవు. పటాన్‌చెరు గాలి పీల్చి పెరిగినవాళ్లకు తియ్యటి వాసన మీద నమ్మకం ఉండదు. సాయంత్రం పూట గాలి తియ్యగా వచ్చిందంటే ఏదో కంపెనీ ఏదో వదిలిందని, లేచి కిటికీలు మూసుకోవాలని అర్థం.

నన్ను అక్కడికి పిలిచింది శ్రావణి అనే అమ్మాయి. ఎం.ఏ. చరిత్ర చదువుతోంది, వేసవిలో ఇంటర్న్‌షిప్. ఆ అపార్టుమెంట్లు కట్టిన సంస్థవాళ్లు క్లబ్‌హౌస్‌లో ఒక మూలకి ‘మన పల్లె’ అని పేరు పెట్టి, పాత సామాన్లు సర్ది, వాటి పక్కన పెట్టే రాతలు రాయమని ఆమెకు అప్పగించారు. ఫోన్లో ఎంతో వినయంగా మాట్లాడింది. “సార్, ఈ ప్రాంతంలో పబ్లిక్ హిస్టరీ ఇంటర్న్‌గా పనిచేసిన మొదటి స్టూడెంట్ మీరేనట. మా మేడమ్ చెప్పారు. ఒకసారి వచ్చి చూసి, తప్పులుంటే చెప్పండి సార్.” సంగారెడ్డిలో డిగ్రీ పిల్లలకు పాఠాలు చెప్పుకునే నన్ను ఎవరైనా దేనికైనా మొదటివాడు అనడం అదే తొలిసారి. ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను.

బండి చక్రానికి అద్దం బిగించి బల్ల చేశారు. కావడి బద్దకు రంగు దీపాలు చుట్టారు. పక్కన చిన్న అరుగు మీద గింజలు కొలిచే ఒక ఇత్తడి మానిక బోర్లించి ఉంది, దాని మీద మనీప్లాంట్ కుండీ. మానిక అంచున ఒకచోట సొట్ట. నేను కుండీ తీసి చూశాను. మానిక అడుగున కంచరి చెక్కిన నాలుగు రేకుల పువ్వు. ఆ పువ్వు మీద వేలు పెట్టి, తలెత్తి గోడ వైపు చూశాను. గోడ మీద ఫ్రేములో అచ్చు అక్షరాలు: ‘పరిశ్రమలు రావడానికి ముందే వాగు ఎండిపోయి, ఈ నేల తుమ్మచెట్లు తప్ప మరేమీ మొలవని బీడుగా ఉండేది.’

ఆ వాక్యం నాది. బీడు భూమిలో మానికతో ఏం కొలిచేవారని ఇన్నేళ్లలో ఒక్కరూ అడగలేదు.

మా నాన్న గుంటూరు జిల్లా నుంచి వచ్చి పెద్ద ప్రభుత్వ కర్మాగారంలో ఫిట్టరుగా చేరాడు. నేను టౌన్‌షిప్ క్వార్టర్స్‌లో పుట్టి పెరిగాను. నాన్న షిఫ్టు దిగి వచ్చాక పెరట్లో నీళ్ల పంపు దగ్గర చేతులకు రంపపు పొట్టు రుద్దుకుని, తరవాత సబ్బు రుద్దుకుని, అయినా పోని గ్రీజు వాసనతోనే అన్నానికి కూర్చునేవాడు. అమ్మ ఆ వాసనకు అలవాటుపడి, సెలవు రోజుల్లో అది లేకపోతే ‘ఒంట్లో బాగాలేదా’ అని అడిగేది. అమ్మకో అలవాటు ఉండేది. బియ్యం కొలిచేటప్పుడు మొదటి డబ్బాను ‘ఒకటి’ అనకుండా ‘లాభం’ అనేది, తరవాతే రెండు. కొలవడం అయ్యాక గుప్పెడు బియ్యం తిరిగి డ్రమ్ములో వేసేది. ఎందుకమ్మా అంటే, “మా అమ్మ వేసేది” అనేది. అంతకుమించిన సమాధానం ఆమె దగ్గర లేదు. నాకూ అవసరం అనిపించలేదు.

ఎం.ఏ. చరిత్ర అంటే మా ఇంట్లో ఎవరికీ గౌరవం లేదు. “చచ్చినోళ్ల సంగతులు తవ్వి ఏం చేస్తావురా?” అనేవాడు నాన్న. అలాంటి రోజుల్లో మా ప్రొఫెసర్ ఒకరు, చరిత్ర గ్రంథాలయం బయట కూడా ఉంటుందని, జనం నోట విని జనానికే చూపించాలని కొత్త మాట ఒకటి తెచ్చారు. పటాన్‌చెరు దగ్గర మందుల ముడిసరుకు తయారుచేసే ఒక కంపెనీ రజతోత్సవం చేసుకుంటోంది. గెస్ట్‌హౌస్‌లో ఒక గది నిండా చుట్టుపక్కల ఊళ్ల పాత వస్తువులు పెట్టాలి, ఒక పుస్తకం వేయాలి. అందుకు ఒక విద్యార్థి కావాలి. ఇంటర్న్‌షిప్ అన్నమాట మా క్వార్టర్స్‌లో ఎవరికీ తెలియదు. అమ్మ పక్కింటి పిన్నిగారితో, “మావాడికి కంపెనీలో ట్రైనింగ్ వచ్చింది” అని చెప్పుకుంది. ట్రైనింగ్ అంటే తరవాత ఉద్యోగం అని ఆ వీధిలో అందరికీ తెలుసు. నాన్న తన పాత రెయిన్‌కోటు తీసి నాకిచ్చాడు. అదే మొదటిసారి నా చదువు ఆయనకు పనికొచ్చేదిగా కనబడింది.

డిపార్టుమెంటు టేప్‌రికార్డరు, కంపెనీ ఇచ్చిన ఖాళీ కేసెట్లు సంచిలో వేసుకుని వాగు పక్కనున్న ఊరికి వెళ్లాను. మల్లమ్మ ఇంట్లో ముందుగది కిరాయికి దొరికింది. ఆమె భర్త పోయాడు, కూతురు యాదమ్మ ఏడో తరగతి దాకా చదివి ఇంట్లో ఉంది. మొదటిరోజు నేను “మల్లమ్మగారూ” అనగానే ఇద్దరూ కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు.

“గారేంది బిడ్డా, నేనేమన్న పట్వారి పెండ్లాన్నా? అవ్వా అను.”

“పెట్టె దెచ్చిండే అవ్వా, నువ్వు మాట్లాడితె గండ్ల పడ్తదట,” అంది యాదమ్మ.

“పడనియ్యి. మీ నాయిన ఉన్నన్నొద్దులు నా మాట ఎన్నడన్న పడనిచ్చిండా? గీ పెట్టెన్న ఇంటది.”

ఆ ఇంట్లో పొద్దున పెరుగు చిలికిన చప్పుడుతో లేచేవాణ్ని. జొన్నరొట్టె మీద పచ్చిపులుసు పోసుకుని తినడం అక్కడే నేర్చుకున్నాను. పిడకల పొగ, తడిసిన మట్టి, బర్రెల కొట్టం, వీటి మధ్య రోజంతా ఏ ఇబ్బందీ ఉండేది కాదు. దీపాలు పెట్టే వేళకు మాత్రం వాగు వైపు నుంచి కుళ్లిన గుడ్డులో బెల్లం కలిపినట్టు ఒక వాసన వచ్చేది. మల్లమ్మ లేచి, కూర గిన్నె మీద మూత పెట్టి, మూత మీద తడిగుడ్డ కప్పేది. అప్పుడు పళ్లేల్లోది గబగబా తినేవాళ్లం. ఆ వాసన అన్నానికి పడుతుందని ఆమె భయం. నిజంగానే పట్టేది. వాగులో నీళ్లు ఒకరోజు టీ రంగులో, ఒకరోజు పసుపుగా ఉండేవి. ఒడ్డున నురగ ఎండి పెచ్చులుగా లేచేది. ఒకసారి ఒక బర్రె ఆ నీళ్ల దాకా పోయి, మూతి ముంచకుండా వెనక్కి తిరగడం చూశాను.

మల్లమ్మ టేపులో చెప్పింది ఇది. ఆమె కాపురానికి వచ్చేనాటికి వాగు మీద మట్టికట్ట ఉండేది. దాని కాలువ కింద ఏడాదికి రెండు కార్లు, అంటే రెండు పంటలు, వరి పండేది. గట్టుమీద చెరకు, ఇంటి వెనక పసుపు. కంపెనీలు వచ్చాక కూడా కొన్నేళ్లు వాగు తేటగానే పారింది. తరవాత నీళ్లు పారుతూనే పాడయ్యాయి. వాగు ఎండలేదు, చెడిపోయింది. ఈ తేడా ఆమె నాకు మళ్లీ మళ్లీ చెప్పింది. “ఎండితె వాన పడ్తె మల్ల వస్తది బిడ్డా. గిది గట్ల గాదు. నీళ్లున్నయి, ముట్టరాదు. పొలమున్నది, నాటు పట్టది. సచ్చిన మనిషి లేసి కూసున్నట్టున్నది ఊరు.” ఆ యేడే ఊరివాళ్లందరూ కలిసి, కంపెనీలు పొలాలు పాడుచేశాయని, నష్టం కట్టివ్వాలని సర్కారుకు అర్జీ పెట్టుకుంటున్నారు. మల్లమ్మ ఆశంతా దాని మీదే. వచ్చిన దానితో వాగుకు దూరంగా కొంచెం మెట్ట చెలక కొని జొన్నలన్నా వేసుకోవాలని ఆమె అనుకునేది. “నువ్వు రాసేది గూడ అక్కెరకొస్తది గద,” అంది. వస్తుందన్నాను.

ఆమె ఇంట్లో మానిక గూట్లో దేవుడి పటాల పక్కన ఉండేది. అమ్మలాగే ఈమె కూడా మొదటి మానికను లాభం అనే లెక్కపెట్టేది. గుప్పెడు తిరిగి పోసేది. ఒక్క తేడా, కొలిచాక మానికను ఖాళీగా పెట్టేది కాదు. అడుగున కొన్ని గింజలు వదిలి, మూతి మీదికి ఉండేలా గూట్లో పెట్టేది. ఇంట్లో మనిషి పోయిన రోజున తప్ప మానిక బోర్లించకూడదు. ఆ ఒక్కరోజూ ఆ ఇంట్లో కొలత ఉండదు కాబట్టి. భర్త పోయిన రోజు బోర్లించిందట, మళ్లీ తిప్పేటప్పుడు ఏడ్చిందట. ఇదంతా ఆమె చెప్పింది, నేను రాసుకున్నాను. ప్రదర్శనకు ఆ మానిక అడిగితే, పిడికెడు జొన్నలు పోసి నా చేతుల్లో పెట్టింది. “ఉత్తది ఇయ్యద్దు. గదిల పెట్టినా గింజలతోనే పెట్టు.”

గెస్ట్‌హౌస్ మెట్ల మీద ఆ జొన్నలు నేనే పారబోశాను. పురుగు పడుతుందని, వస్తువులు శుభ్రంగా ఉండాలని ప్రొఫెసర్ ఇచ్చిన కాగితంలో ఉంది. పావురాలు వచ్చి తినేశాయి. ఆ తరవాత, కంచరి పువ్వు కనబడితే చూసేవాళ్లకు బాగుంటుందని, తెల్లబట్ట మీద మానికను బోర్లించింది కూడా నేనే. ఆమె చెప్పిన సంగతి మరచిపోయి కాదు. నా రాతలో అది ఉంది. రాసుకోవడం వేరు, దాన్ని పట్టించుకోవడం వేరు అన్న చదువు నాకు అప్పటికే వంటబట్టింది.

కంపెనీ ప్రజాసంబంధాల అధికారి మంచి మాటకారి. మాదీ గుంటూరేనని తెలిశాక, నాతో తమ్ముడూ అని మాట్లాడేవాడు. నేను రాసిన మల్లమ్మ కథనం చదివి కళ్లజోడు తీశాడు.

“బాగుంది తమ్ముడూ. కానీ ఇది రజతోత్సవం. పెళ్లికి పిలిచి ఇంట్లో రోగాల గురించి చెబుతామా?”

“ఆవిడ చెప్పిందే రాశానండీ.”

“ఆవిడ ముసలిది. వాగు ముందే ఎండిందేమో, ఆవిడకేం గుర్తు? చదివేవాడికి అప్పుడు ఇలా ఉండేది, ఇప్పుడు ఇలా ఉంది అని తెలియాలి. అప్పుడు బీడు. ఇప్పుడు బస్సులు, బడి, ఉద్యోగాలు. అబద్ధమా? మీ నాన్నకు ఉద్యోగం ఏ పొలం ఇచ్చింది?” ఆగి, బల్లమీద వేళ్లతో తట్టాడు. “ఈ గది చూసుకోవడానికి మాకో మనిషి కావాలి. రాయగలిగినవాడు.”

ఆయన నన్ను బెదిరించలేదు. ఒక్క వాక్యం కూడా చెప్పి రాయించలేదు. ఆ వాక్యం నేనే కూర్చుకున్నాను. ‘బీడు’ అంటే చాలనుకోక, నమ్మేలా ఉండాలని తుమ్మచెట్లు కూడా పెట్టాను. మల్లమ్మ ఇంటి వెనక ఒకే ఒక్క తుమ్మచెట్టు ఉండేది. మధ్యాహ్నాలు దాని నీడలో కూర్చుని రాసుకునేవాణ్ని. ఆ ఒక్క చెట్టును ఊరంతా నాటాను. కేసెట్లు తిరిగి ఇచ్చేశాను. వాటి మీద ఉత్సవం నాటి పాటలు ఎక్కించుకున్నారు. మా ప్రొఫెసర్ పుస్తకం చూసి, భాష హాయిగా ఉందని మెచ్చుకున్నారు.

ప్రారంభం రోజున ఊరివాళ్లను లారీలో తీసుకొచ్చారు. మల్లమ్మ పెట్టెలో దాచుకున్న చీర కట్టుకుంది. నాఫ్తలీన్ వాసన వేస్తోంది. గదిలోకి వచ్చి మానికను చూసి ఆగిపోయింది.

“అయ్యో, గిదేంది బిడ్డా! మానిక బోర్లేసిండ్రు? ఎవరు సచ్చిండ్రని?”

ఎవరో నవ్వారు. ఆమె ముందుకు వెళ్లి, ముట్టుకోవద్దన్న తాడు దాటి, మానికను తిప్పి నిలబెట్టింది. లోపల చేయి పెట్టి తడిమింది. ఖాళీ. కొంగు ముడి విప్పి చూసుకుంది, అందులోనూ ఏమీ లేదు. పక్కన జ్యోతి వెలిగించడానికి పళ్లెంలో అక్షింతలు ఉన్నాయి. చిటికెడు తీసి మానికలో వేసి, దండం పెట్టింది. అధికారి నా వైపు చూశాడు. ఇంతలో యాదమ్మ గోడ మీది రాతను కూడబలుక్కుని గట్టిగా చదువుతోంది. “...మరే...మీ... మొలవని... బీడు...” తిరిగి నన్ను చూసింది. “గిదెవరు రాసిండ్రు సారూ? బీడంట! మా పొలం బీడా?”

“మా సార్లు రాశారు,” అన్నాను. “నాకు తెలీదు.”

మల్లమ్మ తాడు దాటి ఇవతలికి వచ్చింది. నా భుజం తట్టి, “నువ్వు పిలగానివి, నువ్వేం జేస్తవ్ తీయ్,” అంది. ఆమె నన్ను నమ్మింది. వాళ్లను బయట షామియానా కింద పులిహోర పొట్లాలకు పంపించారు. మాకు లోపల బిర్యానీ. వాళ్లు వెళ్లగానే నేను మానికలోని అక్షింతలు దులిపి మళ్లీ బోర్లించాను. ఆ చేతులతోనే వెళ్లి తిన్నాను, రెండోసారి పెట్టించుకుని కూడా తిన్నాను. ఇప్పటికీ పెళ్లిళ్లలో బిర్యానీ గిన్నె మూత తీసినప్పుడు వచ్చే ఆవిరికి నాకు ఆ గది గుర్తుకొస్తుంది, పళ్లెం కింద పెట్టి చేయి కడుక్కుంటాను.

ఉద్యోగం వచ్చింది, రెండేళ్లు చేశాను. ఆ రెండేళ్లలోనే అర్జీ మీద విచారణ జరిగింది. వచ్చిన సర్కారు అధికారి ముందు ఊరివాళ్లు రెవెన్యూ రికార్డు పహాణీలు పెట్టారు, అందులో పొలం తరి అని, అంటే నీళ్ల కింద సాగయ్యేదని ఉంది. కంపెనీవాళ్లు రజతోత్సవ పుస్తకం పెట్టారు. పహాణీది పాతకాలపు రాత, వాగు మేం రాకముందే ఎండింది, ఇది యూనివర్సిటీవాళ్లు ఊళ్లో ఉండి విచారించి రాసింది అన్నారు. మల్లమ్మ ఊరి అర్జీ కొట్టేశారు. మల్లమ్మ ఆ పొలాన్ని అడిగినవాడికి అడిగినంతకు ఇచ్చేసింది, చెలక కొనకుండానే పోయింది. ఇవన్నీ నేను గెస్ట్‌హౌస్ చల్లటి గదిలో కూర్చుని విన్నాను.

తరవాత కొన్నేళ్లకు ఆ కంపెనీ మూతపడింది. యజమాని కొడుకులు ఇళ్లు కట్టే వ్యాపారంలోకి దిగారు. గెస్ట్‌హౌస్ సామాను, దానితోపాటు నా వాక్యం, తెల్లాపూర్ చేరాయి. ఆరోజు క్లబ్‌హౌస్‌లో నేను శ్రావణితో, ఈ రాత అబద్ధం, తీసెయ్యి అన్నాను. వాగు గురించి, వరి గురించి చెప్పాను. ఆమె శ్రద్ధగా రాసుకుని, “ఆధారం ఏంటి సార్?” అంది.

“నేను విన్నాను. టేపు చేశాను.”

“టేపులున్నాయా సార్?”

“లేవు.”

“పహాణీలు నేను చూశాను సార్, తరి అనే ఉంది. కానీ వాగు ముందే ఎండిపోయిందని ఈ పుస్తకంలో...” పుస్తకం అట్ట తిప్పి పేరు చూసింది, నన్ను చూసింది. “అచ్చులో ఉన్నది మీ మాటే కదా సార్. దానికి వ్యతిరేకంగా నోటిమాట రాస్తే మా మేడమ్ ఒప్పుకోరు.”

ఆ అమ్మాయి తప్పేమీ లేదు. ఆమెకు నేర్పింది సరైన పద్ధతే. నాకూ అదే నేర్పారు.

యాదమ్మ ఇస్నాపూర్‌లో ఉందని కనుక్కుని వెళ్లాను. వరసగా గదులు కట్టి, ఒడిశా, బీహార్ నుంచి వచ్చిన పనివాళ్లకు కిరాయికి ఇచ్చింది. నేను వెళ్లేసరికి నడుము మీద చేయి పెట్టుకుని, నీళ్ల పంపు కట్టకుండా వదిలేసిన ఒక కుర్రాడి మీద హిందీలో అరుస్తోంది. “ఏయ్, నల్లా బంద్ కరో! పానీ క్యా తేరే బాప్ కా హై?” నన్ను చూసి గుర్తుపట్టడానికి క్షణం కూడా పట్టలేదు. “ఓ సారూ. ముసలోనివైనవ్.” కుర్చీ వేసింది, చాయ్ పెట్టింది. నేను వచ్చిన పని చెప్పాను. శ్రావణిని తీసుకొస్తాను, మీ అవ్వ చెప్పింది మీరు మళ్లీ చెప్పండి, రికార్డు చేస్తుంది అన్నాను.

“మా అవ్వ చెప్పలేదా? పెట్టెలకు ఎక్కింది గద. ఏమైంది?”

నేను మాట మార్చాను. మానిక తెచ్చి ఇప్పించేస్తానన్నాను.

“ఏం కొలవాల్నే అండ్ల? సంచి బియ్యం దెచ్చుకుంటున్నం. ఆడనే ఉండనియ్యి. జెర మూతి మీదికి పెట్టు, గంతే.” చాయ్ గ్లాసులు తీసుకుంటూ అంది, “రాత సంగతి మాత్రం నీది. నువ్వు రాసినవ్, నువ్వే తీయాలె.”

“నేనే రాశానని...”

“నాకు ఆనాడే ఎరుక. మీ సార్లకు తుమ్మచెట్టెట్ల ఎరుక సారూ? మా ఇంటెనుక చెట్టు కింద రోజు కూసున్నది నువ్వు. అవ్వకు చెప్పలే. నిన్ను మంచోడనుకున్నది, అనుకోనియ్యి అనుకున్న.”

ఇంతకంటే చెప్పుకోవడానికి నాకు మంచి మాటలు లేవు. ఆధారం కావలసినవాళ్ల కోసం ఇక్కడ అచ్చులో రాస్తున్నాను: ఆ పొలం బీడు కాదు. వాగు ఎండలేదు, కంపెనీలు చెడగొట్టాయి. ఈ సంగతి చెప్పింది మల్లమ్మ, విన్నది నేను, అబద్ధంగా మార్చి రాసింది నేను. రజతోత్సవ పుస్తకంలోని ఆ పేజీని ఎవరు ఎక్కడ చూపించినా, పక్కన ఈ పేజీ పెట్టండి.

మొన్న మళ్లీ క్లబ్‌హౌస్‌కు వెళ్లాను. మొదటిసారి నేను తిప్పి పెట్టి వచ్చిన మానిక మళ్లీ బోర్లించి ఉంది, మీద మొక్క. కుండీ దించి, మానిక తిప్పి, జేబులో తీసుకెళ్లిన జొన్నలు పోశాను. కాపలా కుర్రాడు పరుగెత్తుకొచ్చాడు.

“సార్, సార్! మరి మొక్క ఏడ పెట్టమంటరు?”

“బయట నేలలో పాతిపెట్టు,” అన్నాను. “ఇక్కడి నేల మంచిది.”